ఎద్దు తప్పా, బేరం తప్పా?

సావనీరుకు ఏదైనా వ్యాసం రాసి ఇవ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక ఫ్లోరైడు నీళ్ళ మీదనో, ఓజోను పొర మీదనో రాస్తానని అనుకున్నట్టున్నారు. ఫ్లోరైడు గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన కెమిస్ట్రీ విభాగంలోనే ఉన్నారు. నేను రాయదలచుకున్నది వేరు. ఐ.పి.ఎల్. ఆట లేని నెలల్లో, ఆట ఉన్న నెలల కంటే జోరుగా మన హాస్టలులో నడిచే ఒక వాదం గురించి. ఇది వ్యాసానికి తగిన విషయమేనా అని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. రాత్రి పదకొండు దాటినాక కూడా నలభై మందిని ఒక్క గదిలో కూర్చోబెట్టగల విషయం మన కాలేజీలో మరొకటి ఉంటే చెప్పమని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను.

2025 నవంబరు సంగతి. రాజస్థాన్ జట్టు సంజూ శాంసన్‌ను చెన్నైకి ఇచ్చి, బదులుగా జడేజానూ శామ్ కరన్‌నూ తీసుకుంది. అవే రోజుల్లో మన సన్‌రైజర్స్ వాళ్ళు మహమ్మద్ షమీని 10 కోట్లకు లక్నోకు ఇచ్చేశారు. ఆ వారం మెస్సులో పప్పు చల్లారిపోయేదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"షమీని వదిలించుకొని మంచి పని చేసిండ్రు. 10 కోట్లు నీళ్ళల్ల పోసినట్టయింది."

"ఒక్క షమీయేనా? పూరన్‌కు 10 కోట్ల 75 లక్షలు. బ్రూక్‌కు 13 కోట్ల 25 లక్షలు. మనీష్ పాండేకు 11 కోట్లు. మనోళ్ళకు కొనుడు రాదు రా!"

"వాళ్ళంతా ఫెయిల్ సరుకు."

ఈ చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఆ రాత్రి నేను అభ్యంతరం చెబితే నా మీద దిండ్లు విసిరారు గనుక, దిండ్లు విసరడానికి వీలులేని ఈ పేజీల్లో చెప్పుకుంటున్నాను.

మా తాత నన్ను పెబ్బేరు సంతకు తీసుకపోయినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మా జతలో ఒక ఎద్దు చచ్చిపోయింది. మిగిలినదానికి జోడు కావాలి. సంతలో తాత ఒక్కో ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసేది, నాలుగు పండ్లా ఆరు పండ్లా అని. సుడులు చూసేది, నాలుగడుగులు నడిపించేది, గిట్టలు తట్టేది. అంతా అయినాక దలారి వచ్చి ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పేది. ధర పైకి చెప్పరు. తువ్వాల కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. పక్కనున్న నాకు తాత ముఖం తప్ప ఏమీ కనబడలేదు. ఆ ముఖం బాగుండలేదు.

తిరిగి వచ్చేటప్పుడు డి.సి.ఎం. బండిలో తాత ఒక మాట చెప్పాడు. జత కొనబోతే నువ్వు బేరగానివి, ఒంటెద్దు కోసం పోతే అమ్మేటోడే బేరగాడు అని. వర్షాలు ముంచుకొస్తున్నాయి, ఇంట్లో ఒకటే ఎద్దుంది, పక్కన ఇంకొక రైతు కూడా అదే ఎద్దు మీద చెయ్యి వేశాడు. అందుచేత ఆ ఎద్దుకు ఐదు వేలు ఎక్కువ పడింది. ఆ ఐదు వేలు ఎద్దు బలానికి పడ్డవి కావు. మా అవసరానికీ, రెండో రైతు తువ్వాలకూ పడ్డవి.

ఆటగాళ్ళ వేలం ఇంతకంటే వేరు కాదు. ఒక్కో జట్టుకు ఇంత సంచి అని ఉంటుంది. 2025 సీజనుకు అది 120 కోట్లు. అందులో కనీసం 18 మందిని, గరిష్ఠంగా 25 మందిని పోషించాలి. పరదేశీలు 8 మందికి మించరాదు. మనవాళ్ళు క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, హెడ్‌కు 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి ఐదుగురిని ముందే అట్టిపెట్టుకున్నారు. మొత్తం 75 అయింది. మిగిలిన 45 కోట్లు పట్టుకొని 2024 నవంబరులో జెడ్డాలో కూర్చున్నారు. ఇషాన్ కిషన్ 11 కోట్ల 25 లక్షలు, షమీ 10, హర్షల్ పటేల్ 8. ముగ్గురికే 29 కోట్ల 25 లక్షలు పోయాయి. 16 కోట్లు కూడా మిగలని సంచితో కనీసం పదిమందిని తేవాలి. ఈ లెక్క వేయడానికి డిగ్రీ అక్కరలేదు. ఐదుగురిలో నలుగురు బ్యాటు పట్టేవాళ్ళు. సంచి ఎక్కువగా బ్యాటింగు మీదనే ఖాళీ అయింది. ఇక బౌలింగంతా గాయం నుంచి లేచి వచ్చిన ఒక పెద్దమనిషి భుజం మీద పెట్టారు. షమీ 9 మ్యాచుల్లో 6 వికెట్లే తీశాడు, ఉప్పల్‌లో పంజాబు మీద 4 ఓవర్లలో 75 పరుగులు ఇచ్చాడు, నిజమే. ఆ రోజు నేను కూడా టీవీ ముందు తల పట్టుకున్నాను. కానీ బరువు ఎత్తినవాణ్ణి తిట్టేముందు బరువు ఎత్తించినవాణ్ణి అడగాలి గదా!

మళ్ళీ ఎద్దు దగ్గరికి వస్తాను. కొత్త ఎద్దు ఇంటికొచ్చింది. కాడి కట్టి దుక్కికి తోలితే చాలు వంకరకు పోవడం మొదలుపెట్టింది. సాలు సక్కగా రాదు. నడుమ నిలబడేది. మా వాడకట్టులో నవ్వని మనిషి లేడు. "పెద్దయ్యను దలారి ముంచిండు" అన్నారు. నెల రోజులు తాత ఎవరితో మాట్లాడలేదు. చివరికి మా చేనుగట్టున మేకలు కాసే ఒక ముసలాయన చూసి, "దీన్ని ఇన్నాళ్ళు దాపట కట్టిండ్రు, నువ్వు ఎలపట కట్టినవు, అదేం జేస్తది?" అన్నాడు. దాపట అంటే ఎడమ పక్క, ఎలపట అంటే కుడి పక్క. పట్నం మిత్రుల కోసం చెబుతున్నాను. పక్క మారిస్తే అది నడిచింది. పాత ఎద్దు మాత్రం కొత్త పక్కకు అలవాటు పడటానికి ఇంకొక పక్షం గింజుకుంది.

ఇప్పుడు హ్యారీ బ్రూక్ కథ చూద్దాం. 2022 డిసెంబరు 23న కొచ్చిలో కొన్నారు. 2023లో 11 మ్యాచులాడి 190 పరుగులు చేశాడు. అందులో 100 ఒక్క ఈడెన్ గార్డెన్స్ ఆటలోనే. ఇంగ్లండుకు నడుమ దిగి ఆడే మనిషిని ఇక్కడ కొన్నాళ్ళు నడుమ దింపారు, కొన్నాళ్ళు ముందు దింపారు, మళ్ళీ నడుమకు తెచ్చారు. మన జట్టు ఆ ఏడు అట్టడుగున పడింది. అందరూ కలిసి నెపం 13 కోట్ల మీద పెట్టారు.

అదే కొచ్చిలో అదే రోజు చెన్నైవాళ్ళు బెన్ స్టోక్స్‌ను 16 కోట్ల 25 లక్షలకు కొన్నారు. ఆయన ఆ సీజనులో ఆడింది రెండు మ్యాచులు, చేసింది 15 పరుగులు. బ్రూక్ కంటే ఎన్ని రెట్లు పాడు బేరం! కానీ 2023 కప్పు చెన్నైదే. కాబట్టి ఆ బేరం పేరు ఎత్తినవాడు మన హాస్టలులో ఒక్కడూ లేడు. ఇల్లు నిండుగా ఉంటే పగిలిన కుండ లెక్కకు రాదు.

మా స్టాటిస్టిక్స్ సారు ఒకరోజు క్లాసులో అందరి చేత పదేసి సార్లు నాణెం ఎగరేయించారు. వెనక బెంచీ మిత్రుడొకడికి ఎనిమిది సార్లు బొమ్మ పడింది. "నీ నాణెం దొంగదా?" అని సారు అడిగారు. అందరం నవ్వాం. అదే నాణెం మళ్ళీ పదిసార్లు ఎగరేస్తే ఐదు పడ్డాయి. పదకొండు ఇన్నింగ్సులు చూసి ఒక మనిషికి ఆట రాదనడం ఎనిమిది బొమ్మలు చూసి నాణెం దొంగదనడమే. రికార్డులో ఒక్క రీడింగు రాసి గ్రాఫు గీస్తే ప్రాక్టికల్సులో సున్నా వేస్తారు. అవే చేతులతో రాత్రి హాస్టలులో మనం గీసే గ్రాఫులు అట్లాంటివే.

ఇందుకు సాక్ష్యం మన పాత జట్టే. 2008లో మొదటి వేలం జరిగినప్పుడు నేనింకా బడి ముఖం చూడలేదు, సీనియర్లు చెప్పగా విన్నదీ తర్వాత చదివినదీ రాస్తున్నాను. మన లక్ష్మణ్ తనకు రావలసిన ఐకాన్ హోదాను, దానితోపాటు వచ్చే పెద్ద జీతాన్ని వదులుకున్నాడు, జట్టు సంచిలో డబ్బు మిగలాలని. ఆ డబ్బుతో డెక్కన్ చార్జర్స్ వాళ్ళు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నారు. ధోనీ తర్వాత ఆ వేలంలో అంత పలికింది ఆయనకే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, రోహిత్ శర్మ అందరూ ఉన్నారు. కాగితం మీద అంతకు మించిన జట్టు లేదు. 14 ఆటల్లో 2 గెలిచి అడుగున పడింది. సైమండ్స్ రాజస్థాన్ మీద 117 కొట్టి నాటౌటుగా ఉన్నా ఓడిపోయాం, ఆపైన ఆయన దేశం పిలిస్తే వెళ్ళిపోయాడు. "డబ్బులన్నీ పోయినయి" అని ఆనాడు హైదరాబాదంతా తిట్టుకున్నదట.

మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో ఏం జరిగింది? పెద్ద తలకాయలు అవే. గిల్‌క్రిస్ట్ నాయకుడైనాడు. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో అందరికంటే ముందున్నాడు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో గిబ్స్ 53తో చివరిదాకా నిలబడ్డాడు, బెంగుళూరు మీద 6 పరుగులతో కప్పు మనది. ఎద్దులు అవే, దుక్కి మారింది. 2008లో ఫెయిల్ సరుకు అయినవాళ్ళు ఏడాదిలో బంగారం ఎట్లా అయ్యారో నాకెవరైనా చెప్పాలి. సైమండ్స్ 2022 మేలో కారు ప్రమాదంలో పోయినప్పుడు, ఆయన ధరను ఎవరూ తలచుకోలేదు.

అమ్మకాల సంగతి కూడా ఇంతే. 2018 చివర మనవాళ్ళు శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గురిని తెచ్చారు. విజయ్ శంకర్ ధర 3 కోట్ల 20 లక్షలు, షాబాజ్ నదీమ్ ధర 3 కోట్ల 20 లక్షలు, మూడోవాడిది 55 లక్షలు. ఆనాటి వాదాలన్నీ మొదటి ఇద్దరి గురించే. మూడోవాడు కొసరు. మన ఊళ్ళలో కూరగాయల మీద కరివేపాకు వేసినట్టు. ధావన్ ఢిల్లీకి పోయి 2019లో 521, 2020లో 618 పరుగులు చేశాడు, వరుసగా రెండు సెంచరీలు కొట్టాడు. "చూస్తిరా, నిలువునా మునిగినం" అన్నారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. నేనూ అన్నాను. మా అన్నతో పందెం కూడా కాశాను.

ఆ కరివేపాకు పేరు అభిషేక్ శర్మ. మూడేండ్లు ఆటలో ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. 2024లో 484 పరుగులు చేశాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో, షమీ 75 ఇచ్చిన ఆ రాత్రే, పంజాబు పెట్టిన 246 లక్ష్యం మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. ఐ.పి.ఎల్.లో అప్పటిదాకా ఏ భారతీయుడూ అంత కొట్టలేదు. ఇప్పుడు చెప్పండి, 2018 బేరంలో మునిగింది ఎవరు? 2019లో ఒక జవాబు, 2020లో అదే జవాబు, 2025లో ఇంకొకటి. బేరం ఒక్కటే. జవాబు మాత్రం ఎప్పుడు అడిగారనే దాన్ని బట్టి మారుతున్నది. మా అన్న పందెం డబ్బులు మాత్రం వాపసు ఇవ్వడం లేదు.

ఇంత రాసినందుకు నేను యాజమాన్యం పక్షపాతినని మిత్రులు అనుకోవద్దు. కొన్నవాణ్ణి తిట్టొద్దని నేననను. ఎద్దును తిట్టొద్దంటాను. యాజమాన్యం మీద నాకున్న కోపం కొనుగోళ్ళది కాదు, విడుపులది. వార్నర్‌ను 2014లో 5 కోట్ల 50 లక్షలకు తెచ్చారు. మూడుసార్లు ఆరెంజ్ క్యాపు తెచ్చాడు, 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చాడు. 2021లో పదకొండు మందిలో చోటు తీసేసి, జెండా ఊపుతూ గ్యాలరీలో కూర్చునే గతి పట్టించారు. ముసలిదైన ఇంటి ఎద్దునైనా మా తాత కొట్టంలోనే ఉంచుకున్నాడు, కటికోనికి ఇయ్యలేదు. ఇక సిరాజ్. మన హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు. 2017లో 2 కోట్ల 60 లక్షలకు కొని, 6 మ్యాచుల్లో 10 వికెట్లు తీసినవాణ్ణి మరుసటి ఏడే పోనిచ్చారు. 2025 ఏప్రిల్‌లో గుజరాతు అంగీ తొడుక్కొని వచ్చి ఉప్పల్‌లో మన మీదనే 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. ఆ రోజు సంతోషపడాలో ఏడవాలో మా గదిలో ఎవరికీ తెలియలేదు.

కమిన్స్‌ను 2023 డిసెంబరులో 20 కోట్ల 50 లక్షలకు కొన్నప్పుడు నవ్వినవాళ్ళే, ఐదు నెలల తర్వాత ఫైనల్ చేరితే బాణాసంచా కాల్చారు. అదే వేలంలో కలకత్తావాళ్ళు స్టార్క్‌కు 24 కోట్ల 75 లక్షలు పెట్టి సీజనంతా తిట్టుకున్నారు. 2024 మే 26న చెన్నైలో మొదటి ఓవర్లోనే అతడు అభిషేక్ వికెట్టు ఎగరగొట్టాడు, మనం 113కు ఆలౌటు. దాని గురించి ఇంకేం రాయను.

అసలు ఈ వ్యాసం నేను రాయడానికి కారణం ఈ కోట్ల ఆటగాళ్ళు కారు. వాళ్ళకు మన తిట్లు అందవు, తెలుగు రాదు. మా ఊరి సంగతి చెప్పాలి.

రెండేండ్ల కింద దసరాకు మా మండలంలో టెన్నిసు బంతి టోర్నమెంటు పెట్టారు. ఊళ్ళె ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసినం. ఐ.పి.ఎల్. చూసి చూసి మాకూ బుద్ధి పుట్టింది. బయటినుంచి ఒక గెస్టు బౌలరును తేవాలి. ఒక పట్టణంలో మంచి యార్కర్లు వేసే అన్న ఉన్నాడని, మ్యాచుకు 1500 తీసుకుంటాడని తెలిసింది. ఆయన్ను తెద్దామని చెప్పింది నేనే. ఆయన కోసం మా జట్టులోనుంచి ఒకణ్ణి తీసేయాలి. ఎడమ చేతితో వేసే మా ఊరి పిలగాణ్ణి తీసేసినం. పొద్దుందాక పత్తి చేన్లో పనిచేసి సాయంత్రం చెరువు కట్ట కింద బంతి వేసేటోడు. ఏమీ అనలేదు. నీళ్ళ బాటిళ్ళు మోసిండు.

సెమీఫైనల్ చివరి ఓవరు. అవతలివాళ్ళకు 19 కావాలి. గెస్టు అన్నకు బంతి ఇచ్చినం. ఐదు బంతుల్లోనే అయిపోయింది.

అందరికంటే ముందు నోరు జారింది నేనే. ఫెయిల్ సరుకు అని నేనన్నానో పక్కవాడన్నాడో సరిగ్గా గుర్తు లేదు, కానీ ఆ అర్థం వచ్చే మాట నా నోట్లోంచి వచ్చింది. లెక్క చూసేవాడు 800 చేతిలో పెట్టి మిగతా 700 ఇయ్యనన్నాడు. ఆయన గొడవ పెట్టుకోలేదు. బండి స్టాండు తీస్తూ, పొద్దున్నించి అది తనకు మూడో ఊరని, మూడో మ్యాచని మాత్రం చెప్పాడు. మేమెవరమూ అడగలేదు గదా అంతకుముందు. మా పిలగాడు ఆ ఏడే హైదరాబాదుకు పోయిండు, అక్కడ కారు డ్రైవింగు. పండుగలకు వస్తడు గాని కట్ట కిందికి రాడు.

పోయిన నెల మళ్ళీ చందాల మాట మొదలైంది. ఫోనుల్లో వాదం, ఎవర్ని తేవాలి, ఎంతకు తేవాలి, పోయినసారి వచ్చినట్టి సరుకు వద్దు. నాకు ట్యూషన్ డబ్బులు చేతిలో ఉన్నాయి. నంబరు వెతికి ఆ గెస్టు అన్నకు ఫోను చేసి, ఫలానా ఊరు, ఫలానా దసరా, మీకు 700 బాకీ ఉన్నం అన్నా, పంపిస్తనన్నా అని చెప్పాను.

ఆయనకు మ్యాచు గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది. చివరి ఓవరు మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"మీ ఊరోడు ఒక పిలగాడు ఉండె గద తమ్మీ, మ్యాచుకు ముందట బౌండరీ కాడ ఎడమ చేత్తో ఏస్తుండె. నేను చూసిన. మంచిగ లోపలికొస్తుండె బంతి. వాణ్ణెందుకు ఆడియ్యలేదు మీరు?" అని అడిగాడు.